రెండు పాము తూటాలు

వెర్లీన్ స్టాకార్డ్ పొద్దున్నే ఒంటిమీద తగిలించుకునే వాటిలో ఆఖరిది రివాల్వర్. ముందు చొక్కా, దానిమీద పనిలో తొడిగే ఓవరాల్స్, తర్వాత బూట్లు, టోపీ, కళ్ళజోడు, అన్నీ అయ్యాక అది. అయిదు తూటాలు పట్టే బుల్లి రివాల్వర్. పాత బూటు పైతోలు కత్తిరించి తనే కుట్టుకున్న ఒరలో దాన్ని దోపి, ఓవరాల్స్ కుడి జేబులోకి జారవిడిచేది. దాన్ని గురించి ఆమె ఎన్నడూ గొప్పలు చెప్పుకోలేదు. కళ్ళజోడు పెట్టుకున్నామని ఎవరైనా గొప్పలు చెప్పుకుంటారా?

పడమటి టెక్సాస్‌లో, టార్వెల్ ఊరికి అవతల నలభై మైళ్ళ మేర విసిరేసినట్టున్న ఇరవై ఆరు చమురు బావులకు ఆమె పంపర్. పంపరంటే దొరతనమేమీ కాదు. బావి దగ్గర పంపు ఆడుతోందో లేదో చూడాలి. వాల్వులు తిప్పాలి. నిచ్చెనెక్కి ట్యాంకులో చమురు ఎంత లోతుందో కొలవాలి. దిగి, గేటు మూసుకుని, ఇంకో బావికి పోవాలి. ఆడమనిషికి ఈ పనేమిటని మొదట్లో ముక్కు విరిచిన మగవాళ్ళు ఇప్పుడు కాఫీ హోటల్లో కూర్చుని తమ మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకుంటున్నారు. వెర్లీన్ యాభై ఎనిమిదో ఏట కూడా నిచ్చెనలు ఎక్కుతూనే ఉంది.

ఆ బావుల దగ్గర మనుషులకంటే తోకతో గిలక్కాయ మోగించే పాములే ఎక్కువ. అందుకని అక్కడి పంపర్లందరికీ ఒక అలవాటు ఉంది. రివాల్వర్లో మొదటి రెండు అరల్లో పాము తూటాలు, మిగతా మూడింటిలో అసలు తూటాలు నింపుతారు. పాము తూటాకి కొసన గుండు ఉండదు, ఆవగింజలంత సీసం రవ్వలు నింపిన ప్లాస్టిక్ బుడిపె ఉంటుంది. పేలిస్తే జల్లులా పడుతుంది. వాల్వు కిందికి చెయ్యి పోనిస్తూ పామును చూసినవాడికి గురి చూసుకునే తీరిక ఎక్కడిది?

అప్పుడప్పుడు మనుషులూ తగిలేవారు. కిందటి అక్టోబరులో పదకొండో బావి దగ్గర పట్టపగలు నంబరు పలక లేని లారీ ఒకటి నిలబడి ఉంది. ఇద్దరు మగవాళ్ళు ఆమె ట్యాంకుకే గొట్టం తగిలించి చమురు తోడుకుంటున్నారు. అందులో ఒకడు నవ్వుతూ ఆమె వైపు నడిచి వచ్చాడు.

"ఒక్కదానివే వచ్చావా అమ్మా? ఇక్కడ గొంతు చించుకుని అరిచినా వినేవాళ్ళు లేరే!"

వెర్లీన్ కుడి చెయ్యి జేబులో పెట్టింది. "నాకు అరిచే అలవాటు లేదులే బాబూ," అంది.

వాడు ఆ జేబు వైపు చూశాడు. ఆమె మొహం వైపు చూశాడు. మళ్ళీ జేబు వైపు చూసి, గొట్టం కూడా అక్కడే వదిలేసి, రెండోవాణ్ణి కేకేసి లారీ ఎక్కాడు. జేబులో ఉన్నది జేబులోనే ఉంది. లారీ దుమ్ము కనుమరుగయ్యాక ఆమె నిచ్చెన మొదటి మెట్టు మీద కూలబడి అరగంటసేపు గజగజ వణికింది. తర్వాత లేచి పన్నెండో బావికి పోయింది.

ఆ మరుసటి సంవత్సరం, అంటే తొంభై ఆరులో, చాటుగా తుపాకీ పెట్టుకు తిరగడానికి రాష్ట్రం లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు పెట్టుకునేవాళ్ళు పెట్టుకునేవారు, అడిగేవాళ్ళు అడిగేవారు కాదు. ఇప్పుడు క్లాసులో కూర్చోవాలి, యాభై తూటాలు కాల్చి చూపించాలి. నడిమధ్యలో పడితే తూటాకి అయిదు మార్కులు, పక్కకి జరిగితే తక్కువ; మొత్తం రెండువందల యాభైకి నూట డెబ్భై అయిదు వస్తే చాలని రాష్ట్రం అంది. చాలదని బ్రాడీ ఫించర్ అన్నాడు.

బ్రాడీ ఆ చమురు కంపెనీకి కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు. ముప్పై నాలుగేళ్ళవాడు, ఇస్త్రీ నలగని చొక్కా. బావమరిది కోల్‌బీకి ఉద్యోగం చూపించమని ఇంట్లో పెళ్ళాం సతాయిస్తోంది. కంపెనీలో ఖాళీలు లేవు. ఖాళీ లేనప్పుడు చేసుకోవాలి కదా. అందుకని వెర్లీన్ రోజూ చుట్టే ఆ బావుల రూటుకి ఎసరు పెట్టాడు. ఒక కాగితం టైపు చేయించి గోడకి అంటించాడు. ఫీల్డులో పనిచేసేవాళ్ళెవరైనా లైసెన్సు లేకుండా ఆయుధం పెట్టుకోకూడదు, ఆ లైసెన్సు పరీక్షలో నూటికి తొంభై రావాలి, అంటే రెండువందల ఇరవై అయిదు.

"ఇది మీ మంచికే మిస్ వెర్లీన్," అన్నాడు తియ్యగా. "ఆ పొట్టి రివాల్వర్‌తో, ఈ వయసులో తొంభై అంటే కష్టమే. రాకపోతే దాన్ని ఇంట్లో పెట్టి రండి."

"అది లేకుండా ఆ రూటులో అడుగు పెట్టను. ఎందుకో నీకు తెలుసు."

"తెలుసు కాబట్టే అంటున్నా. అడుగు పెట్టకండి. మా కోల్‌బీ పెడతాడు. మీరు హాయిగా ఇంట్లో కూర్చుని కుట్లూ అల్లికలూ చూసుకోండి."

వెర్లీన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆమెకి కుట్టడం వచ్చినది ఒక్క తుపాకీ ఒర మాత్రమే. "ఎప్పుడు పరీక్ష?" అని మాత్రం అడిగింది.

పరీక్ష మార్చి నెలలో ఒక శనివారం. శుక్రవారమంతా, శనివారం పొద్దున సగమూ చర్చి వెనక భోజనాల హాల్లో క్లాసు జరిగింది. చెప్పింది ఓర్విల్ టీగ్. ముప్పై ఏళ్ళు పోలీసు కొలువు చేసి రిటైరైన డెబ్భై ఏళ్ళ ముసలాయన. నవ్వడు. నవ్వితే ఎవరైనా తుపాకీ తప్పుగా పట్టుకుంటారని భయం కాబోలు. తుపాకీ ఎప్పుడు తియ్యాలో పది నిమిషాలు చెప్పి, ఎప్పుడు తియ్యకూడదో రెండు పూటలు చెప్పాడు. మధ్యాహ్నం కాఫీ హోటలు నడిపే ఇర్మా ఒర్నెలస్ తెచ్చిన చిల్లీ మాంసం కూర, మొక్కజొన్న రొట్టె తిని, అందరూ ఊరి బయట కంకర తవ్విన గోతి దగ్గరికి బయలుదేరారు. ఇర్మా కూడా పరీక్షకు వచ్చినదే. వెర్లీన్‌కి పదిహేనేళ్ళ స్నేహితురాలు, నోరు మాత్రం ఊరంత.

గోతిలో ఎనిమిదిమంది వరసగా నిలబడ్డారు. గాలి ఇసుకను ఎత్తి మొహాన కొడుతోంది. బ్రాడీ పరీక్ష కిందటి వారమే పాసయ్యాడు, అయినా బావమరిది వైభవం చూడ్డానికి వచ్చి ట్రక్కు మీద ఆనుకుని నిలబడ్డాడు. కోల్‌బీ చేతిలో వెండిలా తళతళలాడే పెద్ద పిస్టల్ ఉంది. బావగారి కానుక.

"మిస్ వెర్లీన్, ఆ బొమ్మ తుపాకీతోనా? కావాలంటే నాది ఇస్తా, మొహమాటపడకండి," అన్నాడు కోల్‌బీ. కుర్రాడు చెడ్డవాడు కాదు, కాకపోతే బావ నవ్వితే తనూ నవ్వాలనుకునే రకం.

"నీది నీ దగ్గరే ఉంచుకో నాయనా. అద్దంలా ఉంది, తల దువ్వుకోవడానికి పనికొస్తుంది."

ఇర్మా పకపకా నవ్వింది. "మాటలు తర్వాత!" అని ఓర్విల్ గద్దించాడు. "మూడు గజాలు, ఇరవై తూటాలు. ముందు అయిదు నింపండి. నేను ఈల వేసినప్పుడల్లా ఒక్కటి పేల్చండి. ఈలకీ తూటాకీ మధ్య రెండే సెకన్లు."

వెర్లీన్ వేళ్ళు వాటంతట అవే కదిలాయి. పొద్దున మూడింటికే లేచి, క్లాసుకి ముందే రూటులో సగం చుట్టి, ఆ ఓవరాల్స్‌తోనే వచ్చిందామె. ఇరవై రెండేళ్ళుగా ఆ వేళ్ళు చేస్తున్న పనే మళ్ళీ చేశాయి. గుండెమీది జేబులోంచి రెండు, వెనక జేబులోంచి మూడు. తూటాల చక్రం మూసింది, తుపాకీ ఎత్తింది.

ఈల మోగింది. పేల్చింది. చప్పుడు తేడాగా వినిపించి ఆమె అయ్యో అనుకునేలోపే రెండో ఈల మోగింది. వేలు మళ్ళీ నొక్కేసింది.

కాగితం మీది నల్లటి మనిషిబొమ్మకు అమ్మవారు పోసినట్టు ఒళ్ళంతా చిల్లులు పడ్డాయి.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది కోల్‌బీకే. "పాము తూటాలు! మిస్ వెర్లీన్ పామును కొట్టిందిరోయ్!" అని మోకాళ్ళ మీద చేతులు కొట్టుకుంటూ నవ్వాడు. ట్రక్కు దగ్గర బ్రాడీ టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి.

వెర్లీన్‌కి తల కొట్టేసినట్టయింది. నిన్న వచ్చిన పిల్లవాడు కూడా చెయ్యని తప్పు. పంపరు మాత్రమే చెయ్యగల తప్పు.

"ఎందుకు నవ్వుతారు?" ఇర్మా కయ్యిమంది. "ఆ చిల్లులన్నీ లెక్కపెట్టండి! చిల్లుకి అయిదేసి వేసుకుంటే మా వెర్లీన్‌కి ఇప్పటికే వెయ్యి మార్కులు. ఇంటికి పోయి పడుకోవచ్చు."

ఓర్విల్ బొమ్మ దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు సవరించుకుని చూశాడు. వెనక్కి వచ్చి వెర్లీన్ ఎదుట నిలబడ్డాడు. "అమ్మాయ్, నింపుకోవడం నీ బాధ్యత. నింపిందే లెక్క. ఈ రెండూ సున్నాలు. పది మార్కులు పోయినట్టే."

"తెలుసు. ఒప్పుకుంటున్నా."

"ఇక ఆపెయ్యొచ్చుగా ఓర్విల్?" బ్రాడీ అక్కణ్ణించే కేకేశాడు. "తూటాకీ తూటాకీ తేడా తెలియని మనిషికి..."

"పరీక్ష పెట్టేది నువ్వా నేనా? నోరు మూసుకుని నిలబడు బ్రాడీ. లేదంటే ఆ బొమ్మ స్థానంలో నిలబడు." ఓర్విల్ కొత్త బొమ్మ అతికించాడు. వెర్లీన్ గుండెమీది జేబు ఖాళీ చేసి పాము తూటాలన్నీ ఇర్మా చేతిలో పోసింది. తర్వాత మిగిలిన పద్దెనిమిదీ పేల్చింది. పద్దెనిమిదీ నడిమధ్యలో పడ్డాయి. తొంభై మార్కులు.

అక్కడితో కుదుటపడి ఉంటే కథ సాఫీగా ముగిసేది. కానీ నవ్వు చెవుల్లో పడ్డాక చెయ్యి మాట వినదు. ఏడు గజాల దగ్గర పేల్చాల్సిన ఇరవై తూటాలకీ ఆమె వాళ్ళ నోళ్ళు మూయించాలని తొందరపడింది. ఈల ఇంకా ఆగకముందే పేల్చింది. బుల్లి రివాల్వర్లతో వచ్చిన చిక్కే అది. పెద్దదైతే దెబ్బ తనలోనే సగం దాచుకుంటుంది, చిన్నదైతే మొత్తం తెచ్చి అరచేతికే ఇస్తుంది. ఆడవాళ్ళ చేతికి చిన్నదే మేలని అమ్మే దుకాణదారులు ఒక్కసారైనా యాభై తూటాలు వరసగా కాల్చి చూడాలి. పదిహేనో తూటాకి బొటనవేలి మొదట్లో తోలు చిట్లి రక్తం వచ్చింది. తూటాలు నడిమి నుంచి పక్కకి జరిగాయి. మూడు భుజం దాకా పోయాయి.

ఓర్విల్ లెక్కపెట్టి పెన్సిలుతో రాశాడు. ఎనభై తొమ్మిది. మొత్తం నూట డెబ్భై తొమ్మిది. రాష్ట్రం లెక్కన ఆమె అప్పటికే పాసైపోయింది. బ్రాడీ లెక్కన ఇంకా నలభై ఆరు కావాలి. మిగిలింది పది తూటాలు, యాభై మార్కులు, పదిహేను గజాల దూరం. ఆ దూరంలో రెండంగుళాల గొట్టమున్న రివాల్వర్‌తో గొడ్డును కూడా కొట్టలేమని టార్వెల్ కాఫీ హోటల్లో అందరూ ప్రమాణం చేసి చెబుతారు.

అయిదు నిమిషాలు విరామం ఇచ్చాడు ఓర్విల్. ఇర్మా నీళ్ళ సీసా తెచ్చి ఆమె చేతిమీద పోసింది.

"బాగా మండుతోందా అక్కా?"

"చెయ్యి కాదే. కడుపు మండుతోంది."

"మండనీ. వాళ్ళ మొహాలు చూడకు."

"అదే తప్పు చేశాను. వాళ్ళ మొహాలే చూస్తూ పేల్చాను."

ఆ మాట తన నోటి నుంచే విని వెర్లీన్ ఆగిపోయింది. రోజుకు ఇరవై ఆరుసార్లు తను చేసే పని గుర్తొచ్చింది. ట్యాంకు లోతు కొలవడానికి పైమూత తెరిచి, కొసన ఇత్తడి గుండు కట్టిన టేపును చమురులోకి దించుతుంది. తొందరపడి వదిలితే గుండు అడుగున పడి పక్కకి ఒరుగుతుంది, కొలత తప్పవుతుంది. కొత్తవాళ్ళందరూ అలాగే తప్పుతారు. తెలిసినవాళ్ళు టేపును నెమ్మదిగా, ఒకే తీరున వదులుతారు. ఆఖరి జానెడూ మరీ నెమ్మదిగా. అడుగు తగలడం కంటికి కనపడదు, చెవికి వినపడదు, వేలికొసకి మాత్రం తెలుస్తుంది. ఎండలో, మంచులో, కాళ్ళకింద నిచ్చెన ఊగే గాలిలో ఆమె వేలు ఇరవై రెండేళ్ళుగా ఆ తగలడం కోసం ఎదురుచూస్తోంది.

ట్రిగ్గరు మాత్రం వేరే వేలితో నొక్కాలా ఏమిటి?

"పదిహేను గజాలు," ఓర్విల్ గొంతు వినిపించింది. "ముందు అయిదు. పదిహేను సెకన్లు."

పక్కన కోల్‌బీ నాలుగు సెకన్లలో అయిదూ దడదడలాడించాడు. వెర్లీన్ వినలేదు. వాల్వులు తిప్పి తిప్పి గట్టిపడ్డ ఆ వేలికి ఆ మొండి ట్రిగ్గరు బరువే కాలేదు. టేపు దించినట్టు నెమ్మదిగా, ఒకే తీరున లాగింది. ఇంకా నెమ్మదిగా. తగిలింది. తుపాకీ మోగింది. మళ్ళీ మొదటి నుంచి. అయిదోది పేలేసరికి ఓర్విల్ ఈల వెయ్యడానికి ఇంకా ఒక్క సెకను మిగిలే ఉంది.

రెండో అయిదుకీ ఆమె అలాగే లాగింది. చేతి నుంచి కారిన రక్తం మణికట్టు దాకా వచ్చింది. ఆమె తుడుచుకోలేదు. అవతల కోల్‌బీ పిస్టల్లోకి ఇసుక దూరి మూడో తూటా దగ్గర బిగుసుకుపోయింది. "ఉండండి, ఉండండి, ఇరుక్కుంది!" అని అతను కేకలు పెడుతున్నా ఆమె తల తిప్పలేదు. ఆఖరి తూటా పేల్చి, చక్రం తెరిచి, పేలిన తూటాల డొల్లలు కింద దులిపి, తుపాకీ బల్లమీద పెట్టాక గానీ ఊపిరి వదలలేదు.

ఓర్విల్ లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఇర్మా వెనకే వెళ్ళి అతని మోచేతి కింద నుంచి తొంగిచూసింది. అంతలో ఆమె గావుకేక పెట్టింది.

"అరుపులు ఆపు, నేను చెప్పాలి," అన్నాడు ఓర్విల్. "ఏడు అయిదులు, మూడు నాలుగులు. నలభై ఏడు. మొత్తం రెండువందల ఇరవై ఆరు."

ఒక్కటి ఎక్కువే వచ్చింది.

వెర్లీన్ బల్ల పట్టుకుని నిలబడింది. ఆనందం అంటే ఇంత బరువుంటుందని ఆమెకి తెలియదు. వరసలో మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. కోల్‌బీకి ఎంతొచ్చిందని ఎవరూ అడగలేదు. ఇర్మా అడిగింది.

"రెండువందల పంతొమ్మిది," అన్నాడు ఓర్విల్. "లైసెన్సుకి చాలు."

"లైసెన్సుకి చాలు. మరి గోడమీద కాగితానికి?" ఇర్మా బ్రాడీ వైపు తిరిగింది. "ఫీల్డులో ఎవరైనా సరే తొంభై అని రాశావుగా దొరబాబూ! ఎవరైనా అంటే బావమరిది కూడానే కదా?"

బ్రాడీ గాలి ఎక్కువగా ఉందన్నాడు, పిస్టల్ కొత్తదన్నాడు. వినేవాళ్ళు లేరు. కోల్‌బీయే ముందుకొచ్చి, టోపీ తీసి వెర్లీన్ ముందు నిలబడ్డాడు. "ఆ చేత్తోనా కొట్టారు మిస్ వెర్లీన్? నాకైతే రెండో తూటాకే తుపాకీ పడిపోయేది," అన్నాడు. బావ వైపు తిరిగి, "నాకు ఆ రూటు వద్దు బావా. ఇంకేదైనా చూడు," అన్నాడు.

బ్రాడీకి ఇక చేసేది లేక ఆమె దగ్గరికి వచ్చాడు. "ఒక్క మాట అడగనా? ఇరవై రెండేళ్ళుగా పెట్టుకు తిరుగుతున్నారు. ఇంతకీ మనిషి మీద ఎన్నిసార్లు పేల్చారు?"

"ఒక్కసారి కూడా లేదు."

"మరి దేనికిదంతా?"

"ఇప్పటికీ ఇంకా బతికే ఉన్నాను కదా బ్రాడీ," అంది వెర్లీన్. "కలం ఉందా? నా రూటు నాదేనని రాసివ్వు. ఓర్విల్ సాక్షి సంతకం పెడతాడు."

ట్రక్కు ఇంజను మూత మీద కాగితం పెట్టుకుని, గాలికి ఎగిరిపోకుండా మోచేత్తో అదిమి పట్టుకుని, బ్రాడీ రాసిచ్చాడు. ఓర్విల్ సంతకం చేస్తూ నవ్వాడని ఇర్మా ఆ తర్వాత ఊరంతా చెప్పింది. ఎవరూ నమ్మలేదు.

సాయంత్రం హోటల్లో అందరికీ పీచు పండ్లు కూరి కాల్చిన పై రొట్టె తినిపిస్తానని ఇర్మా ఎంత బతిమాలినా వెర్లీన్ ఆగలేదు. రూటులో సగమే అయింది. లైసెన్సు వచ్చిందని బావులు సెలవు తీసుకోవు. చేతికి గుడ్డ చుట్టుకుని, జేబులో రివాల్వర్ సర్దుకుని, పద్నాలుగో బావి వైపు ట్రక్కు పోనిచ్చింది.

ట్యాంకు మీదికి ఎక్కేసరికి పొద్దు పడమటికి వాలుతోంది. చుట్టూ నాలుగు దిక్కులా మనిషన్నవాడు లేడు. పంపులు తలలూపుకుంటూ ఆడుతున్నాయి. తనకి అరిచే అలవాటు లేదని అందరికీ చెప్పుకునే ఆ మనిషి, రెండు చేతులూ పైకెత్తి, గుండెల నిండా గాలి పీల్చుకుని, గొంతు చించుకుని అరిచింది.

"నాది! ఇదంతా నాదే! నన్నెవడూ కదపలేడు!"

కింద మేస్తున్న ఆవొకటి తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడింది. వెర్లీన్ ఇంకోసారి అరిచింది, మొదటిదానికంటే గట్టిగా. తర్వాత నిచ్చెన దిగి, గేటు మూసి, పదిహేనో బావికి పోయింది.